వాక్స్వాతంత్ర్యము – మతనింద : నిర్మల్ ప్రసంగాభియోగ పరిశీలనము

దైవమును నిందించుట తెలుగు సాహిత్యమునకు క్రొత్తగాదు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకము నిందాస్తుతికి ప్రసిద్ధోదాహరణము. గోదావరీతీరమునందలి ధర్మపురివాసి శేషప్పకవియు తన నరసింహ శతకమున స్వామిని నిష్ఠురములాడెను. వేమన విగ్రహారాధనమును మరింత కఠినముగా నధిక్షేపించెను. అయినను తెలుగువారు వీరిని ద్వేషులుగా నెంచక తమ కవులుగానే ఆదరించిరి. ఆ గోదావరికే ఆవలిదెసనున్న నిర్మల్ పట్టణమున 2012 డిసెంబరు 22వ తేదీన జరిగిన ప్రసంగ మొకటి మాత్రము న్యాయస్థానమునకెక్కి తొమ్మిదేండ్లకు పైగా వివాదాస్పదమైనది. ఈ భేదమునకు హేతువేమో విచారించుట మా యుద్దేశము.

నిర్మల్ అప్పుడు ఆదిలాబాదు జిల్లాలోనిది. అచట శాసనసభ్యులు అక్బరుద్దీన్ ఒవైసీ ఉర్దూలో ప్రసంగించిరి. హిందూదేవతలను పరిహసించిరనియు, పోలీసులను కొలది నిమిషములు తొలగించినచో నేమగునోయని ఇరుమతములవారి బలములను పోల్చి పలికిరనియు అభియోగము. 2013 జనవరి 8న వారిని నిర్బంధించి ఆదిలాబాదు కారాగారమున నుంచిరి. ఫిబ్రవరిలో జామీను లభించెను.

మోపబడిన సెక్షనులలో ముఖ్యమైనవి రెండు: భారత శిక్షాస్మృతిలోని 153-ఏ, 295-ఏ. మొదటిది వర్గములనడుమ వైరము పెంచుటను గూర్చినది. రెండవది మతమును అవమానించుటను గూర్చినది. లాహోరులో ప్రకటింపబడిన 'రంగీలా రసూల్' అను పుస్తకపు ప్రకాశకుని 153-ఏ క్రింద శిక్షింప వీలులేదని హైకోర్టు విడిచిపెట్టగా, 1927లో 295-ఏ చేర్చబడెను. రాజ్యాంగపు 19వ అధికరణము వాక్స్వాతంత్ర్యము నిచ్చుచునే ప్రజాశాంతి మొదలగు కారణములచే సమంజసమైన పరిమితులను అనుమతించుచున్నది. 1957లో రామ్‌జీలాల్ మోదీ వ్యాజ్యెమున సుప్రీంకోర్టు 295-ఏను సమర్థించెను. కాని బుద్ధిపూర్వకమును దురుద్దేశపూర్వకమునైన తీవ్రావమానమే నేరమనియు, అనాలోచితముగా దొరలిన మాట నేరము గాదనియు వివరించెను. 2024 జూలై 1 నుండి ఈ విధులు భారతీయ న్యాయసంహితలో 196, 299 సెక్షనులుగా నున్నవి.

కావున నిర్మల్ ప్రసంగమున రెండంశములను వేరుపరుపవలెను. దేవతాపరిహాస మొకటి, పొరుగువారిని భయపెట్టు మాట వేరొకటి. మొదటిదాని లక్ష్యము విశ్వాసము, రెండవదాని లక్ష్యము మనుష్యుడు. శేషప్ప నిష్ఠురము తన స్వామితో తాను పలికినది. దానివలన నెవ్వని గడపయు భయపడలేదు. నిర్మల్‌కు సమీపమునందలి భైంసాలో 2008 అక్టోబరున మతకల్లోలము చెలరేగెను; ఆ దినములలోనే వటోలి గ్రామమున ఒకే కుటుంబమువా రార్గురు దగ్ధులైరి. అట్టి తావున బెదిరింపుమాట వట్టిమాటగా వినబడదు. మా యభిప్రాయమున చట్టపు బరువు పడవలసినది ఇచటనే. విశ్వాసముపై విమర్శ కటువైనను దానికి ప్రతివిమర్శయే తగిన సమాధానము. అట్లు గానిచో వేమనయు నపరాధి యగును.

2022 ఏప్రిల్ 13న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము సంశయలాభమిచ్చి నిందితుని నిర్దోషిగా ప్రకటించెను. ప్రసంగము సమగ్రముగా గాక ఖండఖండములుగా సమర్పింపబడెననుట అందొక హేతువు. ముందట నట్టి ప్రసంగములు చేయవలదనియు న్యాయస్థానము హెచ్చరించెను. సాహిత్య విద్యార్థుల కీ తీర్పు పరిచితమైన పాఠమునే బోధించుచున్నది: పూర్వాపరములు లేని వాక్యమునకు అర్థనిర్ణయము చేయరాదు. తాళపత్రప్రతిని పరిష్కరించునప్పుడు మనము పాటించు నియమమే మనుష్యుని స్వేచ్ఛను నిర్ణయించునప్పుడును పాటింపదగినది.

అయితే నిర్దోషత్వము ఆ మాటలకు ప్రశంస గాదు. చట్టము శిక్షింపజాలని మాటయు సభ్యమైన మాట కానక్కరలేదు. ఏ మతమువాడు పలికినను ఒకే తూనికరాతితో తూచినప్పుడే ఈ చట్టము గౌరవము నందును. వక్తనుబట్టి తూనిక మారినచో అదియే మరియొక వైరమునకు బీజమగును.