కొత్త కడుపు, పాత కంచం

బరువు తగ్గించే శస్త్రచికిత్స కొద్ది గంటలలో ముగుస్తుంది. ఆ తరువాత తినడం మళ్ళీ నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

న్యూఢిల్లీలో అశోకా రోడ్డుపై ఉన్న ఆంధ్రభవన్ భోజనశాలలో మధ్యాహ్నంవేళ కుర్చీ దొరకడమే ఒక అదృష్టం. కూర్చున్నవారి కంచాలలోకి పప్పు, కూర, సాంబారు, పచ్చడి వరుసగా వస్తాయి. వడ్డించేవారు కంచం ఖాళీ కానివ్వరు. చాలు అనేదాకా అన్నం పెడుతూనే ఉంటారు. నోయిడా నుంచి, గుర్గావ్ నుంచి పనిగట్టుకుని వచ్చే తెలుగు కుటుంబాలకు అది భోజనం మాత్రమే కాదు, పుట్టింటి పలకరింపు కూడా.

ఆ వరుసలో ఒకామె కూర్చున్నదనుకోండి. బరువు తగ్గడానికి ఆరు నెలల క్రితం ఆమె జీర్ణాశయానికి శస్త్రచికిత్స జరిగింది. నాలుగు చెంచాల పప్పు, కాస్త పెరుగు తినేసరికి ఆమెకు కడుపు నిండిపోయింది. కంచంలో పెట్టినవి పెట్టినట్లే ఉన్నాయి. ఇంతలో అన్నం పళ్ళెంతో మనిషి వచ్చి నిలబడ్డాడు. "ఇంకొంచెం పెట్టమంటారా అమ్మా?" ఆమెకు ఆకలి లేదు. కాని చాలు అనడం ఆమె ఇంకా నేర్చుకోలేదు.

స్థూలకాయానికి చేసే శస్త్రచికిత్స మాట వచ్చినప్పుడు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: ఎన్ని కిలోలు తగ్గుతారు? ఆ చికిత్స చేయించుకున్నవారికి రోజూ ఎదురయ్యే ప్రశ్న వేరు: ఇక ముందు ఎట్లా తినాలి? నలుగురి మధ్య కూర్చుని ఎట్లా తినాలి?

ఢిల్లీలో ఈ ప్రశ్న ఏ కొద్దిమందికో పరిమితమైనది కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశం మొత్తంమీద అధిక బరువు ఉన్న స్త్రీలు 24 శాతం కాగా, ఢిల్లీలో 41 శాతం. పురుషులలో సైతం 38 శాతం. కేంద్రమంత్రి అరుణ్ జైట్లీ 2014లో ఢిల్లీలో ఈ శస్త్రచికిత్స చేయించుకున్నప్పుడు పత్రికలన్నీ దానిని గురించి వ్రాశాయి. అంతకు మూడేళ్ళ ముందు నితిన్ గడ్కరీ ముంబైలో చేయించుకున్నారు. ధనికుల విలాసమనే అభిప్రాయం క్రమంగా సడలింది. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలోనూ ఇది జరుగుతున్నది. బరువు ప్రాణాంతకమైన స్థాయికి చేరినవారికి, వైద్యుని సలహాపై జరిగే ఈ చికిత్సను బీమా పాలసీలు స్థూలకాయం పేరుతో తోసిపుచ్చకుండా 2019లో బీమా నియంత్రణ సంస్థ నిబంధనలు రూపొందించింది.

కత్తి చేసే పని

కడుపులో పుండ్ల కారణంగా జీర్ణాశయంలో కొంత భాగం తొలగించినవారు చిక్కిపోవడం వైద్యులు ఎంతోకాలంగా గమనిస్తూ వచ్చారు. ఆ పరిశీలన ఆధారంగా అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్ 1966లో స్థూలకాయానికి బైపాస్ శస్త్రచికిత్స ప్రారంభించారు. ఇందులో జీర్ణాశయం పైభాగాన్ని కోడిగుడ్డుకంటె పెద్దది కాని సంచిగా విడదీసి, దానిని నేరుగా చిన్నప్రేవులకు కలుపుతారు. ఈనాడు ఎక్కువగా జరుగుతున్నది మరొక పద్ధతి. దానికి స్లీవ్ అని పేరు. జీర్ణాశయంలో ఇంచుమించు ముప్పాతిక భాగం, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ, కోసి తీసివేసి, మిగిలినదానిని సన్నని గొట్టంలాగ కుడతారు. లీటరు పైగా పట్టే సంచిలో చివరకు టీకొట్టు గ్లాసెడు మాత్రమే పడుతుంది.

ఆకలిని ప్రేరేపించే గ్రెలిన్ అనే హార్మోనును 1999లో జపాన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అది ముఖ్యంగా జీర్ణాశయం పైభాగంలో తయారవుతుంది. స్లీవ్ పద్ధతిలో తొలగిపోయేది ఆ భాగమే. అందువల్ల మొదటి నెలలలో చాలామందికి ఆకలి అనే మాటే గుర్తుకు రాదు. పెద్ద శస్త్రచికిత్సలన్నిటికీ ఉండే ప్రమాదాలు దీనికీ ఉన్నాయి. అవి దాటిన తరువాత మొదలవుతుంది అసలు చదువు.

రెండవ అన్నప్రాశన

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మనిషి ఆహారం విషయంలో పసిబిడ్డతో సమానం. మొదట నీరు, పలుచని తేటలు. ఆపైన పాలు, మజ్జిగ, పప్పుకట్టు. తరువాత మెత్తగా మెదిపిన పదార్థాలు. దరిమిలా గుడ్డు, ఉడికిన కూర వంటివి. ఇంటిల్లిపాదీ తినే భోజనానికి చేరుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈ క్రమంలో తొందరపడితే నొప్పి, వాంతి తప్పవు.

తెలుగువారి భోజన విధానానికీ కొత్త కడుపుకూ పొత్తు కుదరడం అంత సులభం కాదు. అన్నంలో పప్పు, నెయ్యి కలిపి ముద్దచేసి మింగడం మన అలవాటు. ఇప్పుడు ప్రతి ముద్దనూ నోటిలోనే గుజ్జుగా నమలాలి. గోరుముద్దకు బదులు చిన్న చెంచా. పది నిమిషాల భోజనానికి ఇరవై, ముప్పై నిమిషాలు. కంచం పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టడం మర్యాద. ఈ మనిషికి మాత్రం గ్లాసును దూరంగా జరపాలి. భోజనంతోపాటు నీళ్ళు తాగకూడదు. తిన్నాక కూడా అరగంట ఆగాలి.

భోజన క్రమం సైతం తలక్రిందులవుతుంది. అన్నంతో ఆరంభించి పెరుగుతో ముగించడం తరతరాల ఆచారం. ఇక్కడ పెరుగు, పప్పు, పనీరు, గుడ్డు, చేప ముందు రావాలి, తరువాత కూర, చోటు మిగిలితేనే అన్నం. కారణం మాంసకృత్తులు. రోజుకు కనీసం 60 గ్రాములు అందకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. నూరు గ్రాముల పనీరులో సుమారు పద్దెనిమిది. టీ గ్లాసంత కడుపుతో ఈ లెక్క పూర్తిచేయాలంటే రోజుకు ఐదారుసార్లు, కొద్దికొద్దిగా, పద్ధతిగా తినవలసిందే. శాకాహారులకు ఈ లెక్క మరింత కష్టం.

శరీరం పెట్టే పేచీలు

బైపాస్ అయినవారు ఒక గులాబ్‌జామ్ తింటే, పావుగంటలో గుండె దడదడలాడి, చెమటలు పట్టి, కళ్ళు తిరిగి పడుకోవలసి రావచ్చు. చక్కెర ఒక్కసారిగా ప్రేవులలోకి దిగడం దీనికి కారణం. మూడు నెలలనుంచి ఆరు నెలల మధ్య చాలామందికి జుట్టు రాలుతుంది. పోషణ సరిగా ఉంటే తిరిగి వస్తుంది. బి12 విటమిన్, ఇనుము, కాల్షియం, డి విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ఏటా రక్తపరీక్ష చేయించుకోవాలి. ఒంట్లో బాగుందిగదా అని మాత్రలు మానివేయడమే తరచుగా జరిగే పొరపాటు. వాంతులు ఆగకుండా కొనసాగితే మాత్రం ఒక్కరోజు కూడా ఉపేక్షించకూడదు: బి1 విటమిన్ లోపించి నరాలకు, మెదడుకు శాశ్వతమైన హాని కలుగవచ్చు. మద్యం మునుపటికంటె వేగంగా రక్తంలో కలుస్తుంది. గర్భధారణను ఏడాది, ఏడాదిన్నర వాయిదా వేయమని వైద్యులు చెబుతారు.

ఢిల్లీ వాతావరణం వీటికి తన వంతు చేరుస్తుంది. మే, జూన్ నెలల వడగాడ్పులలో దాహం వేస్తే ఇతరులు చెంబెడు నీళ్ళు గటగట తాగుతారు. ఈ మనిషి గుక్కెడు గుక్కెడుగా రోజంతా తాగుతూ ఉండాలి. సీసా ఇంటివద్ద మరచిపోతే ఆ రోజు కష్టమే. నవంబరు వచ్చేసరికి పొగమంచు, కాలుష్యం. ఉదయపు నడక ప్రాణమని చెప్పిన వైద్యుడే బయటికి వెళ్ళవద్దంటాడు. మేడమెట్లు, ఇంటి వరండా దిక్కవుతాయి.

నలుగురి నోళ్ళు

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోవడం కష్టమైనది మనుషుల ప్రేమ. తల్లి కడుపు చూస్తుందని సామెత. వేసవి సెలవులకు విజయవాడ నుంచో వరంగల్లు నుంచో వచ్చిన తల్లి కూతురి కంచం చూసి కన్నీళ్ళు పెట్టుకుంటుంది. "పిచ్చుక తిన్నంత తింటే ఎట్లా బ్రతుకుతావే?" ఎదురింటివారు గుసగుసలాడతారు: "అంతగా పీక్కుపోయిందేమిటి, షుగరు వచ్చిందేమో!" మన సమాజంలో లావెక్కితే ఎగతాళి, చిక్కిపోతే అనుమానం.

శీతకాలంలో ఢిల్లీ పెళ్ళిళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. చాట్ బల్లలు ఒకవైపు, తందూరీ పొయ్యిలు ఒకవైపు, జిలేబీ మూకుళ్ళు ఇంకొకవైపు. ప్రతి బంధువూ స్వయంగా తెచ్చి నోటికి అందిస్తాడు. వద్దంటే అవమానం, తింటే ప్రమాదం. చికిత్స సంగతి నలుగురికీ చెప్పడం ఇష్టంలేనివారు ఉపవాసమనో, కడుపు బాగాలేదనో అబద్ధాలు వెతుక్కుంటారు.

ఇంకొక బాధ లోపలిది. ఆఫీసులో అవమానం జరిగినప్పుడు, ఒంటరితనం కమ్మినప్పుడు, ఇన్నేళ్ళూ తిండే తోడుగా నిలిచినవారున్నారు. ఇప్పుడు ఆ తోడు లేదు. దుఃఖం మాత్రం ఉన్నది. అద్దంలో సన్నని మనిషి కనిపిస్తున్నా, వదులైన చర్మాన్ని చూసి కుంగిపోయేవారూ, మెట్రోలో సీటు దగ్గరకు రాగానే పాత భయంతో వెనుకాడేవారూ ఉంటారు. అందుకే మంచి చికిత్సాలయాలలో శస్త్రవైద్యునితోపాటు ఆహారనిపుణులు, మనస్తత్వవేత్తలు కూడా ఉంటారు. వారివద్దకు వెళ్ళడం బలహీనత కాదు. చికిత్సలో అదొక భాగం.

రెండేళ్ళ తరువాత

స్వీడన్‌లో 1987లో ప్రారంభమైన ఒక పరిశీలన సుమారు నాలుగువేల మంది స్థూలకాయులను ఏళ్ళ తరబడి అనుసరించింది. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం, బైపాస్ అయినవారు మొదటి ఒకటి రెండేళ్ళలో తమ బరువులో సగటున 32 శాతం కోల్పోయారు. పదేళ్ళనాటికి ఆ తగ్గుదల 25 శాతం వద్ద ఉన్నది. అంటే కొంత తిరిగి వచ్చింది, చాలావరకు రాలేదు. శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో మరణాలు కూడా తక్కువ.

తిరిగి వచ్చే ఆ కొంత బరువు తిరిగి వచ్చే దారి చిన్నది. రెండేళ్ళకు ఆకలి మెల్లగా మేలుకుంటుంది. పెద్ద భోజనం పట్టదు. కాని టీతో బిస్కట్లు, సాయంకాలం కారప్పూస, రాత్రి ఐస్‌క్రీం సులభంగా జారిపోతాయి. చిన్న కడుపును కూడా రోజంతా నింపుతూ ఉండవచ్చు. కత్తి ఇచ్చిన ఒకటి రెండేళ్ళ వ్యవధిలో అలవాట్లు మార్చుకున్నవారే ఆ తరువాత నిలబడగలుగుతారు.

అయితే కొంచెం తినడం మన సంప్రదాయానికి పరాయి విషయమేమీ కాదు. గుడిలో తీర్థం ఉద్ధరిణెడు, ప్రసాదం చిటికెడు. దానిని కళ్ళకద్దుకుని తింటాము. ఇంకా పెట్టలేదని పూజారిని ఎవరూ నిందించరు, ఇంతేనా తిన్నావని భక్తుణ్ణి ఎవరూ అడగరు. పెట్టినవారి ఆదరానికీ పెట్టినదాని పరిమాణానికీ అక్కడ ముడి లేదు. ఇంటి భోజనంలో కూడా ఆ ముడి విప్పగలిగితే రోగికి సగం బాధ తీరుతుంది. "ఇంకొంచెం తిను" అనేచోట "కాసేపు కూర్చో" అంటే చాలు.

ఆంధ్రభవన్‌లో అన్నం పళ్ళెంతో నిలబడిన మనిషి ఇంకా ఎదురుచూస్తున్నాడు. ఆమె కంచంపై చెయ్యి అడ్డుపెట్టి, అతని ముఖంలోకి చూసి, నవ్వుతూ అంటుంది: "చాలు నాయనా, కడుపు నిండింది." అతడు తల ఊపి పక్క కంచం వద్దకు వెళ్ళిపోతాడు. ఆమె ఇన్నాళ్ళు భయపడినట్లు ఎవరూ తలతిప్పి చూడరు.