పాత బుల్లెట్ గేరుపెట్టె

రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మోటారుసైకిలులో నాలుగు గేర్ల కాలంలో వాడిన గేరుపెట్టెను ఆల్బియన్ గేర్‌బాక్సు అంటారు. ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆల్బియన్ సంస్థ రూపకల్పన కావడం వల్ల దీనికి ఈ పేరు వచ్చింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడిన తరువాతి కాలంలో ఈ పెట్టె భారతదేశంలోనే తయారై, కొద్దిపాటి మార్పులతో 2000వ దశకం వరకు కొనసాగింది.

భారత సైన్యం 1950వ దశకం నుండి బుల్లెట్‌ను వాడింది. సైనిక వాహనాల మరమ్మతులో శిక్షణనిచ్చే ఇ.ఎం.ఇ. సంస్థలు తిరుమలగిరిలోను, మోటారు విడిభాగాల బజారు రాణీగంజ్‌లోను ఉన్న సికింద్రాబాదు, పాత బండిని నిలుపుకోదలచినవారికి అనువైన ఊరు.

నిర్మాణం

ఈ పెట్టె ఇంజనులో భాగం కాదు; దాని వెనుక విడిగా బిగించబడి ఉంటుంది. గేరు మార్చే పెడలు కుడి కాలి వైపున ఉంటుంది. మొదటి గేరుకు పైకి ఎత్తాలి, మిగిలిన మూడింటికి క్రిందికి నొక్కాలి. పక్కనే మరొక చిన్న లివరు ఉంటుంది. క్లచ్చి పట్టుకొని దానిని మడమతో నొక్కితే రెండు, మూడు, నాలుగు గేర్లలో దేనినుండైనా నేరుగా న్యూట్రల్‌కు వస్తుంది. ట్రాఫిక్ దీపం వద్ద ఆగినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

లోపాలు

గేరు పడినట్లే అనిపించి పడకపోవడం అన్నిటికన్నా ప్రసిద్ధమైన లోపం. దీనిని ఫాల్స్ న్యూట్రల్ అంటారు. పెడలు కదలికను పరిమితం చేసే పలక మూత లోపల రెండు బోల్టులతో బిగించబడి ఉంటుంది. అది కొద్దిగా జరిగినా గేరు సగంలో ఆగిపోతుంది. రాచెట్టు పళ్ళు అరిగినా, ఫోర్కు వంగినా ఇదే లక్షణం కనిపిస్తుంది. అందువల్ల భాగాలు కొనే ముందు పలకను సరిచేసి చూడడం ఉత్తమం. క్లచ్చి పూర్తిగా విడవనప్పుడు వచ్చే కరకర శబ్దానికి కూడా నింద గేరుపెట్టెకే పడుతుంది.

రెండవ సమస్య కందెన. పాత పెట్టెలలో గ్రీజు, నూనె కలిపి వాడేవారు. గ్రీజు మరీ గట్టిదైతే చక్రాలు అందులో దారి చేసుకొని తిరుగుతాయి. బుష్షులకు తడి అందక అవి అరుగుతాయి. పలుచని నూనె పోస్తే కారిపోతుంది. కిక్కు పట్టు అరిగి జారడం కూడా సాధారణమే.

మార్పులు

వెనుక చైనును నడిపే స్ప్రాకెట్టుకు ఒకటి రెండు పళ్ళు పెంచితే అదే వేగానికి ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది, కాని ఎత్తులో లాగే బలం తగ్గుతుంది. తరువాత వచ్చిన ఐదు గేర్ల పెట్టెను అమర్చడం పెద్ద మార్పు. దానితో గేరు ఎడమ కాలికి, వెనుక బ్రేకు కుడి కాలికి మారతాయి. మడమ లివరు ఉండదు.

2021 జూలైలో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం 50 సంవత్సరాలు దాటి, అసలు రూపంలో ఉన్న ద్విచక్ర వాహనాలను వింటేజ్‌గా నమోదు చేయవచ్చు. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేసినవాటికి ఇది వర్తించదు. అటువంటి బండికి కొత్త పెట్టె బిగించేవారు పాతదానిని తుక్కుకు వేయకుండా దాచి ఉంచుకోవడం మంచిది.