మరుగుదొడ్డి అలవాటు: బహుమతి దేనికి ఇవ్వాలి?

మూత్రాశయం, పురీషనాళం చివర ఉండి, బిగిసినప్పుడు దారి మూసి, సడలినప్పుడు తెరిచే వలయాకారపు కండరాలను సంవరిణీ కండరాలంటారు. వీటిలో లోపలివి మనిషి ఇచ్ఛతో సంబంధం లేకుండా పనిచేస్తాయి. వెలుపలివాటిని సమయం చూసి బిగించడం, వదలడం మాత్రం బిడ్డ నేర్చుకోవలసిందే. ఆ నేర్పుకు కావలసిన నాడీ పరిపక్వత సాధారణంగా ఏడాదిన్నర దాటాక ఒక్కొక్కరికి ఒక్కో సమయంలో వస్తుంది కనుక, అది రాకముందు ఎన్ని చాక్లెట్లు ఆశ చూపినా ఫలితముండదు.

పరిపక్వత వచ్చాక బహుమతి నిజంగానే తోడ్పడుతుంది. ఒక చర్య చేసిన వెంటనే హితవైన ఫలితం దక్కితే ఆ చర్య మళ్లీ జరిగే అవకాశం పెరుగుతుందని అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలతో నిరూపించాడు. దీనినే పునర్బలనం అంటారు. ఈ సూత్రాన్ని ఆధారం చేసుకుని నాథన్ ఆజ్రిన్, రిచర్డ్ ఫాక్స్ 1974లో ప్రచురించిన పుస్తకం, బిడ్డకు పానీయాలు ఎక్కువగా తాగించి, బొమ్మతో చేసి చూపించి, లాగు పొడిగా ఉన్నప్పుడల్లా మెచ్చుకుంటూ తినుబండారం ఇస్తే ఒక్క రోజులోపే అలవాటు చేయవచ్చని ప్రకటించింది. అంతకుముందే, 1962లో, శిశువైద్యుడు బెర్రీ బ్రేజల్టన్ బిడ్డ సంసిద్ధతను బట్టి మెల్లగా నడవాలని సూచించాడు. ఇంట్లో పిల్లలను పెంచేవారికి బ్రేజల్టన్ చెప్పిన ఈ దారే క్షేమం.

అసలు కీలకం బహుమతి దేనికి ఇస్తున్నామన్నదే. “అమ్మా, ఒంటేలు” అని ముందుగా చెప్పడం, లాగు తనే కిందికి లాక్కోవడం, పాటీ (పిల్లలు మలమూత్రాలకు కూర్చునే చిన్న పాత్ర) మీద రెండు మూడు నిమిషాలు కూర్చోవడం, ఆపై చేతులు కడుక్కోవడం బిడ్డ చేతిలో ఉన్న పనులు. మలం రావడం అలా కాదు. మలం వస్తేనే బహుమతి అన్నప్పుడు, రాని రోజున బిడ్డకు అది ఓటమిగా తోస్తుంది, పెద్దల ముఖంలో నిరాశ చూసి భయపడి బిగబట్టే ప్రమాదమూ ఉంది. భోజనం తర్వాత పెద్దపేగు కదలికలు సహజంగా పెరుగుతాయి కాబట్టి అప్పుడు కూర్చోబెట్టి, పాదాలు వేలాడకుండా చిన్న పీట వేసి, కూర్చున్నందుకే మెచ్చుకోవాలి. సాయంత్రం ఐస్‌క్రీమ్ కొనిపెడతామన్న మాట రెండేళ్ల బిడ్డకు పట్టదు. పాటీ మీంచి లేచిన మరుక్షణం గోడ మీది కాగితంపై తన వేలితోనే నక్షత్రం స్టిక్కర్ అంటించుకోనివ్వడం చాలు.

పిల్లలు బహుమతి మీదే ఆధారపడతారన్న భయానికి ఒక ఆధారముంది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ ప్రచురించిన అధ్యయనంలో, బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లలకు ముందే బహుమతి ఆశ చూపి గీయించగా, తర్వాత వారు తమంతట తాము గీయడం తగ్గిపోయింది. అయితే పాటీ మీద కూర్చోవడం బిడ్డ అంతకుముందు ఇష్టంగా ఆడుకున్న ఆట కాదు కనుక ఈ నష్టం ఇక్కడ అంతగా వర్తించదు; అలవాటు కుదురుకునే కొద్దీ ప్రతిసారీ ఇచ్చేదాన్ని అప్పుడప్పుడూ ఇస్తూ, చివరకు మెప్పుమాట ఒక్కటే మిగల్చడం మేలు.

లాగు తడిస్తే ఇచ్చిన నక్షత్రాన్ని పీకేయడం, తిట్టడం, ఇతర పిల్లలతో పోల్చడం ఎన్నడూ తగదు. నిద్రలో పక్క తడపడం బిడ్డ ఇచ్ఛకు లోబడనిది కాబట్టి పొడి రాత్రులకు బహుమతి పెట్టకూడదు. మలం గట్టిపడి, నొప్పికి భయపడి రోజుల తరబడి బిగబట్టే బిడ్డను మాత్రం స్టిక్కర్లతో కాలయాపన చేయకుండా శిశువైద్యునికి చూపించాలి.