పంచుకుంటేనే వెన్నెల పండుగ

వానలు వెనుకబడి ఆకాశం నిర్మలమయ్యే కాలం శరదృతువు. ఖరీఫ్‌లో వేసిన పెసలు, మినుములు ఇంటికి చేరే రోజులివి. చేతికందిన ధాన్యాన్ని ముందుగా దైవానికి నివేదించి, నలుగురికీ పంచి, ఆ తరువాత తాము భుజించడం మన పెద్దల ఆచారం. ఈ భావన మనకు మాత్రమే పరిమితం కాదు.

చైనీయులు తమ పంచాంగం ప్రకారం ఎనిమిదవ నెల పదిహేనవ నాడు ‘మధ్య శరత్తు’ పండుగ జరుపుకుంటారు. అది సాధారణంగా మన భాద్రపద పౌర్ణమి ప్రాంతంలోనో, ఆశ్వయుజ పౌర్ణమి ప్రాంతంలోనో వస్తుంది. పంటలు ఇంటికి వచ్చే వేళ కుటుంబమంతా ఒకచోట చేరి, లాంతర్లు వెలిగించి, చంద్రునికి పండ్లను, గుండ్రని తీపి బిళ్లలను సమర్పిస్తారు. ఒక్కొక్క బిళ్లను ముక్కలుగా కోసి అందరూ పంచుకుంటారు. ఆ గుండ్రదనం వారికి కుటుంబ ఐక్యతకు సంకేతం. చంద్రునిలో ఒక కుందేలు దివ్యౌషధం నూరుతున్నదని వారి గాథ. మనం చంద్రుని శశాంకుడనీ, ఓషధీశుడనీ పిలుచుకోవడం లేదా!

మనకు ఆశ్వయుజ బహుళ తదియ నాడు అట్లతద్ది. దీనినే చంద్రోదయ ఉమావ్రతమంటారు. తెల్లవారకముందే భుజించి, పగలంతా ఉపవాసముండి, ఉయ్యాలలూగి, సాయంవేళ గౌరీదేవిని పూజిస్తారు. చంద్రదర్శనమయ్యాక ముత్తయిదువలకు అట్లు వాయనమిచ్చి, అప్పుడే భోజనం చేస్తారు. అట్లలోని బియ్యం చంద్రునికి, మినుములు రాహువుకు సంబంధించిన ధాన్యాలని పెద్దలు చెబుతారు. తెలంగాణలో సద్దుల బతుకమ్మ నాడు పూలను నీట సాగనంపి, సద్దులను ప్రసాదంగా పంచుకోవడంలోనూ ఈ పంపకమే ప్రధానం.

తానే రసస్వరూపుడైన చంద్రుడై ఓషధులను పోషిస్తున్నానని గీతలో భగవానుడు సెలవిచ్చాడు. తమ కొరకే వండుకొనేవారు పాపాన్నే భుజిస్తున్నారనీ హెచ్చరించాడు.

జీడిమెట్ల వంటి పారిశ్రామికవాడలో మీ పక్కింటివారు ఏ జిల్లా నుండో, ఏ రాష్ట్రం నుండో బతుకుతెరువుకై వచ్చినవారు కావచ్చు. షిఫ్టుల వేళలు కలియక, గోడకు ఆవల ఎవరున్నారో తెలియకనే సంవత్సరాలు గడిచిపోతాయి. పండుగ నాడు సొంత ఊరికి వెళ్లలేని ఇల్లాలికి ఆ వెలితి మరింత భారం. వాయనం ముత్తయిదువలకే అయినా ప్రసాదం అందరిదీ. ఈ అట్లతద్దికి చంద్రుని చూసి చేతులు జోడించాక, రెండు అట్లు ఆ గడపకూ చేర్చండి. వెన్నెల గడపలను ఎంచి కురవదు కదా!