పసుపు కాగితం, కుంకుడు రసం

పాత శుభలేఖలు పారెయ్యకండర్రా! పెళ్ళిళ్ళ రోజులు అయిపోయేసరికి ప్రతి ఇంట్లోనూ ఓ కట్ట పోగవుతుంది. ఒకవైపు వినాయకుడి బొమ్మా, ముహూర్తమూ ఉంటే ఉండనీ, రెండోవైపు తెల్లగా ఖాళీయే కదా. ఈ శని, ఆదివారాలు మా మనవలకి నేను అప్పజెప్పిన మొదటి పని ఆ కట్టతోనే. వాళ్ళ పిన్ని పుట్టినరోజు వస్తోంది, బజారుకెళ్ళి గ్రీటింగ్ కార్డు కొంటామన్నారు. "వంటింట్లో పసుపు డబ్బా పెట్టుకుని కొనడమెందుకురా?" అన్నాను.

ముందు కట్టలోంచి నున్నగా మెరిసేవన్నీ తీసి పక్కన పెట్టించాను. వాటికి పూత ఉంటుంది, పసుపు నీళ్ళు పీల్చుకోవు, జారిపోతాయి. చేత్తో రాస్తే కాస్త గరుకు తగిలేవే మనకి పనికొస్తాయి. ఓ చెంచాడు పసుపు కాసిని నీళ్ళలో కలిపి, దూదితో వెనకవైపు పట్టించి, నీడన ఆరబెట్టాం. ఎండలో ఎందుకు పెట్టకూడదో తర్వాత చెబుతాను, మరిచిపోతే అడగండి. అవి ఆరేలోగా బట్టల సబ్బు నీళ్ళలో అరగదీసి, చీపురుపుల్లకి దూది చుట్టి కుంచె తయారుచేశాం. పెద్దాడు ముంచి గీశాడు. గీసిన చోటల్లా పసుపు పోయి ఇటుకరంగు తేలింది. చిన్నది "అమ్మో, రక్తం!" అని వెనక్కి గెంతి, మరుక్షణమే అన్నయ్య చేతిలోంచి పుల్ల లాక్కుంది.

మీరు పురిటింటి నుంచి వచ్చినప్పుడు గుమ్మంలో ఎర్రనీళ్ళు దిష్టి తీశారు. అవేమిటనుకున్నారు? పసుపు నీళ్ళలో కాస్త సున్నం, అంతే. పెళ్ళికూతురి కాళ్ళకి పెట్టే పారాణీ ఆ జోడీయే. పసుపుకి రంగునిచ్చే పదార్థం పేరు కర్కుమిన్. సున్నం, సబ్బు, చాకలి సోడా, ఇవన్నీ క్షారాల జాతి. క్షారం తగలగానే కర్కుమిన్ తన దగ్గరున్న ఓ హైడ్రోజన్ అయాన్‌ని దానికి వదిలేస్తుంది. దాంతో అణువు తీరు మారిపోతుంది. తీరు మారితే అది మింగే వెలుగూ మారుతుంది. ఇదివరకు నీలం వెలుగుని మింగి మన కంటికి పసుపుగా కనిపించేది, ఇప్పుడు ఆకుపచ్చని కూడా మింగి ఎర్రగా కనిపిస్తోంది. నిమ్మరసం చుక్క వేశారంటే పోయిన హైడ్రోజన్ మళ్ళీ చేతికొస్తుంది, పాత రంగూ వస్తుంది. చిన్నది ఎర్రగా ఓ పువ్వు గీసి, నడిమధ్య నిమ్మచుక్క పెట్టింది. పసుపు పుప్పొడితో మందారం! నాకైతే బజారు కార్డులేవీ దాని ముందు నిలవవనిపించింది.

తెల్లచొక్కా మీద పులుసు మరక పడితే, సబ్బు పెట్టగానే ఎర్రబడుతుందని మీ అమ్మ కంగారుపడుతుంది చూడండి, అదీ ఈ సంగతే. మరక పెరగలేదు, రంగు మార్చుకుందంతే. కర్కుమిన్ నూనెలో కరుగుతుంది గానీ నీళ్ళలో దాదాపుగా కరగదు. అందుకే ఎంత జాడించినా ఓ పట్టాన వదలదు. కానీ దానికి ఎండంటే గిట్టదు. వెలుగు తగిలితే ఆ అణువు విరిగిపోతుంది. ఉతికిన చొక్కాని మంచి ఎండలో వెయ్యండి, సాయంత్రానికి మరక వెలిసిపోతుంది. కార్డులు నీడన ఎందుకు ఆరబెట్టామో ఇప్పుడు తెలిసిందా? పసుపుని మూత ఉన్న డబ్బాలో, కిటికీకి దూరంగా పెట్టేదీ అందుకే.

ఆదివారం తలంటు. షాంపూ సీసా లోపల పెట్టేసి కుంకుడుకాయలు తీయించాను. రాతి మీద చితక్కొట్టి, గింజలు తీసేసి (అవి పిల్లల గోళీలాటకి వెళ్ళిపోయాయి), తొక్కల్ని వేడినీళ్ళలో నానబెట్టి పిసికితే ఎంత నురగో! మా పెద్దాడు నురగ చూశాడో లేదో, మిగిలిన పసుపు కాగితం ఒకటి పట్టుకొచ్చాడు. "తాతయ్యా, ఇదీ సబ్బులాంటిదేగా, ఎర్రబడుతుంది చూడు" అని ముంచాడు. కాగితం పసుపుగానే ఉంది. మళ్ళీ ముంచాడు. ఊహూఁ! వాడి మొహంలో ఆ తికమక చూసి నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ప్రశ్న పుట్టిన క్షణమది.

కుంకుడులో సపోనిన్లనే పదార్థాలుంటాయి. వాటి అణువుకి ఒక కొస నీటితో చెలిమి, రెండో కొస జిడ్డుతో చెలిమి. పెళ్ళిళ్ళ పేరయ్యకి అటువాళ్ళూ ఇటువాళ్ళూ తెలిసినట్టు, ఎన్నడూ కలవని నీళ్ళనీ నూనెనీ అది కలుపుతుంది. తలలోని జిడ్డు నీళ్ళతోపాటు కిందికి దిగిపోతుంది. సబ్బు చేసే పనీ అదే. అయితే సబ్బు నూనెకి క్షారం కలిపి చేసింది, దాని నీళ్ళలో క్షారగుణం ఉంటుంది. కుంకుడు రసంలో అది లేదు, పైగా కాస్త పులుపు వైపు ఉంటుంది. పట్టు మాంసకృత్తుల పోగు. మన జుట్టూ ఆ కోవలోదే. వాటికి క్షారం పడదు, మెరుపు పోయి బిరుసెక్కుతాయి. మీ అమ్మమ్మ తన ధర్మవరం చీరని సబ్బు దరిదాపులకి రానీకుండా కుంకుడు రసంలోనే ఎందుకు జాడిస్తుందో పసుపు కాగితం చెప్పేసింది! ఒక్కటి మాత్రం జాగ్రత్త. రసం కంట్లో పడితే భగ్గున మండుతుంది, కళ్ళు గట్టిగా మూసుకోండి.

మిగిలిన రసంతో ఇంకో ఆట. పళ్ళెంలో నీళ్ళు పోసి, పైన మిరియాల పొడి సన్నగా చల్లండి. కుంకుడు రసంలో ముంచిన వేలితో మధ్యలో తాకండి. పొడంతా చటుక్కున అంచులకి పరుగెడుతుంది. నీటి పైపొర బిగుతుగా లాగిపట్టి ఉంటుంది. మధ్యలో సపోనిన్ తగిలేసరికి అక్కడ బిగువు సడలుతుంది. చుట్టూ ఉన్న నీరు తనవైపు లాక్కుంటుంది, పొడి దాంతోపాటే పోతుంది.

ఈ పళ్ళెం ఆట చూసినప్పుడల్లా నాకు ఆగ్నెస్ పాకెల్స్ గుర్తొస్తుంది. ఆవిడ 1862లో పుట్టింది, జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ అనే ఊళ్ళో ఉండేది. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలకి విశ్వవిద్యాలయం తలుపులు తెరిచేవారు కాదు. ఇంట్లో అమ్మానాన్నలకి ఒంట్లో బాగుండేది కాదు, ఇంటి చాకిరీ అంతా ఆవిడదే. గిన్నెలు కడిగే నీళ్ళ మీద జిడ్డూ సబ్బూ ఏం చేస్తున్నాయో చూసి ఊరుకోలేదు. రేకుతో చిన్న తొట్టి కట్టుకుంది. నీటి పైపొరని దగ్గరికి నెట్టడానికి ఓ రేకు పట్టీ పెట్టుకుంది. గుండీ అంత బిళ్ళని తక్కెడకి తగిలించి, దాన్ని నీటి మీంచి ఊడదియ్యడానికి ఎంత బలం కావాలో తూచి రాసుకుంది. 1891లో ఆ లెక్కలన్నీ జర్మన్ భాషలో ఉత్తరం రాసి ఇంగ్లండులో లార్డ్ రేలీకి పంపింది. అంత పెద్ద శాస్త్రవేత్త ఆ ఉత్తరాన్ని తన భార్య చేత ఇంగ్లీషులోకి మార్పించి, 'నేచర్' పత్రికకి పంపి అచ్చువేయించాడు. తర్వాత లాంగ్మ్యూర్ అనే ఆయన అటువంటి తొట్టినే బాగుచేసి వాడుకున్నాడు. నీటి మీది పొరల వంటివాటి మీద చేసిన పరిశోధనకి ఆయనకి 1932లో నోబెల్ వచ్చింది. గిన్నెలు తోముతూ విసుక్కునే పిల్లలకి నేనీ కథ తప్పకుండా చెబుతాను. మా చిన్నదైతే ఆ సాయంత్రం తన కంచం తనే కడుక్కుంది, నీళ్ళవైపే చూస్తూ!

డాబా మీద సగ్గుబియ్యం వడియాలు కూడా పెట్టాం. కర్రపెండలం దుంపలోని పిండిపదార్థమే సగ్గుబియ్యం. 60, 70 డిగ్రీల వేడికి ఆ పిండి నీళ్ళు తాగి జిగురవుతుంది, అందుకే ఉడికించాలి. గలగలమని ఎండినట్టున్నా లోపల రవ్వంత తేమ మిగులుతుంది. నూనెలో వెయ్యగానే అది ఆవిరై సుమారు 1,600 రెట్లు చోటు అడుగుతుంది, వడియం పువ్వులా పొంగుతుంది. ఎండ చాలకపోయినా పొంగదు, మరీ పెళుసుగా ఎండినా పొంగదు. మీ అమ్మమ్మ రోజూ ఒకటి విరిచి చూసేది ఆ హద్దు కోసమే.

పాత నూలు చీరలు మడతలు వేసి బొంత కుట్టే పని మా ఆవిడే చూసుకుంది, సూదిలో దారం ఎక్కించడం పిల్లల వంతు. బొంత వెచ్చదనం చీరలది కాదర్రా, పొరల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలిది. కుట్టు మరీ దగ్గరగా, బిగించి వేశారా, గాలికి చోటుండదు, బరువే మిగులుతుంది.

ఇక మీ వంతు. తలా ఒక పసుపు కాగితం తెచ్చుకోండి. మజ్జిగ, చింతపండు పులుసు, వంటసోడా నీళ్ళు, బూడిద కలిపి వడకట్టిన తేట, వీటిలో ఏది రంగు మారుస్తుందో ముందే పలక మీద రాసుకోండి, తర్వాతే చుక్క వెయ్యండి. సున్నం మాత్రం పెద్దవాళ్ళే ముట్టాలి. ఇంకో సంగతి ఆలోచించండి. పూర్వం జిడ్డుగిన్నెల్ని బూడిదతోనూ, నల్లబడ్డ ఇత్తడి చెంబుల్ని చింతపండుతోనూ తోమేవాళ్ళు. ఎందుకలా విడదీశారో మీ కాగితాన్ని అడిగి, వచ్చే శనివారం నాకు చెప్పండి.