పొగమంచులో ఒక మాట

రేడియోలో మాటలాడువానికి వినువారి ముఖములు కానరావు. అయినను మాట తప్పిన, మఱుదినము సవరించుకొనవచ్చును. మాట తప్పిన సవరించుకొనుటకు నిమిషమైనను వ్యవధి లేని ఉద్యోగమొకటి కలదు. అది విమానాశ్రయపు కంట్రోలరుది. ఆ ఉద్యోగములోని బరువు ఎట్టిదో తెలుపు సంఘటన యొకటి నేడు మనవి చేయుదును.

2023వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేది. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున ఆస్టిన్ విమానాశ్రయము. ఇంకను తెల్లవారలేదు. దట్టమైన పొగమంచు నేలను కప్పివేసినది. ఫెడెక్స్ సంస్థవారి సరకుల విమానము, బోయింగ్ 767, దిగుటకు వచ్చుచున్నది. సౌత్‌వెస్ట్ సంస్థవారి ప్రయాణికుల విమానము, బోయింగ్ 737, ఎగురుటకై అదే రన్‌వే చెంత వేచియున్నది. రెండు విమానములలోను కలిసి 131 మంది యుండిరి.

రన్‌వే విషయమున మూలసూత్రమొకటి కలదు. దిగు విమానము రన్‌వేను చేరునప్పటికి దానిపై మరియొకటి యుండరాదు. పొగమంచులో దిగు విమానమునకు నేలనుండి వెలువడు రేడియో సంకేతములు దారి చూపును. అవి రన్‌వే ఎచట నున్నదో చెప్పును గాని, దానిపై ఎవరైన నిలిచియున్నారా యన్నది చెప్పవు. ఆ భారము కంట్రోలరుది. ఆనాడు టవరునుండి చూచిన అతనికి ఆ విమానములు కానరాలేదు. నేలపై తిరుగు విమానములను చూపు ప్రత్యేక పరికరము ఆస్టిన్‌లో అప్పటికి లేదు. అతనికి మిగిలినవి చెవియు, అంచనాయు మాత్రమే.

ఫెడెక్స్ విమానమునకు దిగుటకు అనుమతి అంతకుముందే ఇచ్చియుండెను. అది మూడు మైళ్ల దూరమున నున్నదని హెచ్చరించుచునే, కంట్రోలరు సౌత్‌వెస్ట్ విమానమునకు ఎగురుటకును అనుమతి నిచ్చెను. అట్టి విమానము నిమిషమునకు రెండు మైళ్లకు మించి వచ్చును. కనుక చేతిలో నున్నది నిమిషమును పావును మాత్రమే. ఆలోపల మొదటి విమానము ఎగిరిపోవునని అతడు తలచెను. కాని సౌత్‌వెస్ట్ చాలకులు, చలి వాతావరణమున చేయవలసిన ఇంజను పరీక్షకై, రన్‌వేపై ఇంచుమించు 20 సెకన్లు ఆగిరి. ఆ సంగతి టవరునకు తెలుపలేదు.

సరకుల విమానమువారికి మనసున శంక కలిగినది. మాకు దిగుటకు అనుమతి యున్నది గదాయని మరల అడిగిరి. ఉన్నదనియే సమాధానము. తరువాత కంట్రోలరు సౌత్‌వెస్ట్ వారిని, కదలితిరాయని అడిగెను. కదలుచున్నామని వారు చెప్పిరి. అంతలో ఫెడెక్స్ చాలకులకు మంచులో, తమ ముందు, విమానమొకటి యున్నట్లు తోచినది. వారు తక్షణమే దిగుట మాని పైకి లేచిరి. పరుగు ఆపుమని సౌత్‌వెస్ట్ వారిని రేడియోలో హెచ్చరించిరి. ఆ మాట ఎవరిదో కంట్రోలరు గుర్తింపలేదు. సౌత్‌వెస్ట్ వారే పరుగు ఆపినారనుకొని, రన్‌వేనుండి ప్రక్కకు మరలుమని వారికి చెప్పెను. కాదని వారు బదులు చెప్పి, ఎగిరిపోయిరి. ఒక విమానము పైగా మరియొకటి సాగిపోయినది. రెంటి నడుమ మిగిలిన ఎడము 150 నుండి 170 అడుగులు. ఆ సరకుల విమానపు పొడవే 180 అడుగులు!

ఎవరికిని గాయమైనను తగులలేదు. అట్లని దీనిని చిన్న సంగతిగా తలపరాదు. 1977 మార్చి 27వ తేదిన కెనరీ దీవులలోని టెనెరిఫేలో, ఇట్టి పొగమంచులోనే, రన్‌వేపై రెండు బోయింగ్ 747 విమానములు ఢీకొని 583 మంది మరణించిరి. అచటను మాటలను అపార్థము చేసికొనుట ఒక కారణము.

ఆస్టిన్ సంఘటనపై అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2024 జూన్‌లో తన నిర్ణయమును ప్రకటించినది. ఫెడెక్స్ వచ్చులోపల సౌత్‌వెస్ట్ వెడలిపోవునని కంట్రోలరు పొరపాటుగా ఊహించుటయే ముఖ్యకారణమని తేల్చినది. అయినను తప్పును అతని నెత్తిన మాత్రమే పెట్టలేదు. అధిక సమయము పట్టునని చెప్పని చాలకుల లోపమును, మంచువేళ పనికి తగిన శిక్షణ నీయని టవరు లోపమును, నేలపై విమానములను చూపు పరికరము లేకపోవుటను గూడ ఎత్తిచూపినది. ఆ సంవత్సరమే అట్టి పరికరమొకటి ఆస్టిన్‌కు వచ్చినది.

ఇందు గ్రహింపవలసినది ఇదియే. ఆ కంట్రోలరు నిద్రపోలేదు, పనిని విడిచిపోలేదు. రోజును జరుగునట్లే ఆనాడును జరుగునని నమ్మెను. అలవాటు మనిషికి తోడ్పడును, ఒక్కొక్కప్పుడు కన్ను గప్పును. కనుక ఎంత నేర్పరియైనను, ఒక్కని ఊహపై ఇందరి ప్రాణములను నిలుపరాదు. అతని అంచనాకు ప్రక్కన పరికరమొకటి, చాలకుని సందేహమొకటి కాపలా యుండవలెను. ఆనాడు పరికరము లేదు. సందేహమును, చూపును మాత్రమే యుండినవి. ఆ 131 మందిని ఇండ్లకు చేర్చినవి అవియే.