హార్డు డిస్కు ఫార్మాటింగు

హార్డు డిస్కు ఫార్మాటింగు అనగా డిస్కులో ఫైళ్ళను భద్రపరచుటకు వీలుగా దానిని సిద్ధపరచే ప్రక్రియ. విడిగా కొన్న కొత్త డిస్కును కంప్యూటరులో బిగించినంత మాత్రాన అది సాధారణంగా వాడకానికి రాదు. గళ్ళు గీయని చిట్టా పుస్తకంలో పద్దులు రాయలేనట్లే, ముందుగా దానిలో తగిన ఏర్పాట్లు చేయవలసి ఉంటుంది.

అన్నిటికంటే ముందు డిస్కు పళ్ళెములపై ట్రాకులు, సెక్టార్లు ఏర్పరుస్తారు. 1983లో వెలువడిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల డిస్కు ఉండేది. ఆ కాలపు డిస్కులకు ఈ పనిని వాడుకరులే చేసుకొనే వీలుండేది. ఇప్పుడు ఇది కర్మాగారంలోనే పూర్తవుతుంది.

విభజన

వాడుకరి చేయవలసిన మొదటి పని విభజన పట్టికను ఎంచుకొనుట. పాత పద్ధతియైన ఎంబీఆర్‌లో సెక్టారు సంఖ్యకు 32 బిట్లు మాత్రమే కేటాయించారు. సెక్టారుకు 512 బైట్ల చొప్పున లెక్కిస్తే ఇది సుమారు 2 టెరాబైట్ల వరకే సరిపోతుంది. 4 టెరాబైట్ల డిస్కును ఈ పద్ధతిలో సిద్ధం చేస్తే దాదాపు సగం స్థలం వృథా అవుతుంది. కనుక పెద్ద డిస్కులకు జీపీటీ పద్ధతినే ఎంచుకోవాలి.

ఫైలు వ్యవస్థ

తరువాత ప్రతి విభాగంలో ఒక ఫైలు వ్యవస్థను నెలకొల్పాలి. విండోస్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్సుకు ఎక్స్‌ట్4 ఎక్కువగా వాడతారు. ఫ్యాట్32ను దాదాపు అన్ని యంత్రాలూ చదవగలవు గానీ, అందులో ఒక్కొక్క ఫైలు 4 గిగాబైట్లకు లోపే ఉండాలి.

ఫార్మాటు పూర్తయ్యాక 1 టెరాబైటు డిస్కును విండోస్ 931 గిగాబైట్లుగా చూపుతుంది. ఇది దుకాణదారుని మోసం కాదు. తయారీదారులు 1000 చొప్పున లెక్కిస్తే, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది.

త్వరిత, పూర్తి ఫార్మాటులు

త్వరిత ఫార్మాటు కొత్త పట్టికలను మాత్రమే రాస్తుంది, పాత ఫైళ్ళలోని సమాచారం చాలావరకు డిస్కుపైనే మిగిలి ఉంటుంది. ఫొటోలు, బ్యాంకు కాగితాలు ఉన్న డిస్కును ఇలా "శుభ్రం" చేసి అమ్మితే, కొన్నవారు వాటిని తిరిగి వెలికితీయగలరు. విండోస్ ఎక్స్‌పీలో పూర్తి ఫార్మాటు కూడా చెడిన సెక్టార్లను వెదకడంతో సరిపెట్టేది. విస్టా (2007) నుండి అది విభాగమంతటా సున్నాలు రాస్తుంది. సెకనుకు 150 మెగాబైట్లు రాయగల డిస్కులో 4 టెరాబైట్లు నింపుటకు ఏడు గంటలకు పైగా పడుతుంది.

జాగ్రత్తలు

ఒకే యంత్రంలో పాత, కొత్త డిస్కులు రెండూ ఉన్నప్పుడు పొరపాటున పాతదానిని ఫార్మాటు చేసే ప్రమాదముంది. లినక్సులో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లు యంత్రాన్ని మరల ప్రారంభించినప్పుడు తారుమారు కావచ్చును. అందుచేత పేరును బట్టి కాక, పరిమాణం, క్రమసంఖ్యలను బట్టి డిస్కును గుర్తించాలి. వీలైతే పాత డిస్కును తాత్కాలికంగా ఊడదీయుట మేలు. ఇదివరకు వాడిన డిస్కును తగిలించినప్పుడు ఫార్మాటు చేయమంటారా అని విండోస్ అడిగితే, అది ఖాళీగా ఉన్నదని అర్థం కాదు. ఆ ఫైలు వ్యవస్థ విండోస్‌కు తెలియనిదో, దెబ్బతిన్నదో కావచ్చును. అందులోని సమాచారం కావాలనుకుంటే అంగీకరించరాదు.